పీచు రబ్బరు చెక్కుబందీ

ఇందుపల్లి పానకాలరావు పేరెత్తితే గుత్తుల సుబ్బారాయుడు ఇప్పటికీ తింటున్న అన్నం వదిలేసి లేచిపోతాడు. అలాగని పానకాలరావు అతన్ని కొట్టిందీ లేదు, తిట్టిందీ లేదు, చెయ్యి చాచి కప్పు కాఫీ అడిగిందీ లేదు. అడిగుంటే ఎంతో బాగుండేది. లంచం తినేవాడికి ఆకలి తీరే సమయం అంటూ ఒకటి వస్తుంది. పానకాలరావు నిజాయితీపరుడు. అలాంటివాడి చేతికి చిక్కినవాణ్ణి దేవుడు కూడా బయటికి లాగలేడు. ఆ మహానుభావుడు చేసిందల్లా బీరువా తలుపు తెరిచి, చేతికందిన మొదటి ఫారం బయటికి తియ్యడమే.

సుబ్బారాయుడు ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టి, అరిగిన టైర్లకి కొత్త తొడుగులేసే షాపులో పనికి కుదిరాడు. అక్కడ మొదలుపెట్టి ముప్పై ఎనిమిదేళ్ళు రబ్బరు వాసన పీలిస్తే, కోనపేట పారిశ్రామికవాడలో సొంతానికి ఒక స్థలం, అందులో ఒక రేకుల షెడ్డు మిగిలాయి. రైసుమిల్లులకి బెల్టులు చేసేవాడు. రెండు రకాల సింథటిక్ రబ్బరు కలిపి వాడేవాడు. ఒకటి అరుగుదలకి ఆగుతుంది, రెండోది నూనె తగిలినా చెడదు. రెండూ కలిపితే రెండు గుణాలూ వస్తాయని ఆశ. వచ్చేవి గాని, తోడికోడళ్ళ కాపురంలాగా ఆర్నెల్లు తిరక్కుండా ఎక్కడో ఒకచోట పగులు కనపడేది.

ఆ పగులుకి మందు కనిపెట్టింది సుబ్బారాయుడే. కొబ్బరిపీచు తెచ్చి, వేలిగోరంత ముక్కలుగా తరిగించి, జిగురునీళ్ళలో ముంచి ఆరబెట్టి, రబ్బరు నలిగేటప్పుడు గుప్పెడు గుప్పెడు చల్లేవాడు. ముక్క పొడవైతే ఉండ కడుతుంది. మరీ పొట్టిదైతే ఇడ్లీపిండిలో పడ్డ ఊక మాదిరి, ఉండీ లేనట్టే. ఆ గోరంత కొలత తెలుసుకోవడానికి అతనికి నాలుగేళ్ళు పట్టింది. తరిగేది భార్య నూకరత్నం. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుంటే ముక్కకీ ముక్కకీ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు.

ఇందులో ఒకే ఒక్క కిటుకు ఉంది. మిక్సింగ్ మిల్లు రోలర్ల మధ్యనుంచి రబ్బరు షీటుగా వచ్చేటప్పుడు అందులో పీచంతా ఒకే వైపుకి పడుకుంటుంది, గాలికి వరిచేను వాలినట్టు. ఆ వాలు వెంట లాగితే ఏనుగు లాగినా తెగదు. వాలుకి అడ్డంగా లాగితే మాత్రం తడిసిన అప్పడం. బెల్టుకి బలం పొడవునా కావాలి గనక వాలు పొడవునా ఉండేటట్టు కోస్తారు. ఈ సంగతి షెడ్డులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు.

ఆ కొలత కుదిరిన ఏడే ప్రభుత్వానికి పీచు మీద మనసు పోయింది. ‘పీచు సమృద్ధి మహోద్యమం’ అని పేరు పెట్టారు. సభల్లో పూలదండలు పోయి పీచుదండలొచ్చాయి. వాటిని మెళ్ళో వేయించుకున్న పెద్దలు ఉపన్యాసం పొడుగునా మెడ గోక్కుంటూనే రాష్ట్ర భవిష్యత్తు చెప్పారు. ఆఫీసులకి వచ్చినవాళ్ళకి కొబ్బరినీళ్ళిచ్చి, డొక్క మాత్రం సంతకం పెట్టించుకుని వెనక్కి తీసుకునేవారు. రబ్బరుతో చేసే ప్రతి వస్తువులోనూ పీచు ఉండి తీరాలని ఒక ఉత్తర్వు వచ్చింది. దాని అమలుకి పీచు రబ్బరు సమ్మేళన శాఖ అని కొత్తది పుట్టింది. శాఖకి మనుషులు కావాలి. భూముల కొలతల శాఖలో పని లేనివాళ్ళు నలుగురుంటే వాళ్ళని పంపారు. వాళ్ళలో హెడ్ గుమాస్తా పానకాలరావు. అతను వస్తూ వస్తూ తన బీరువా కూడా తెచ్చుకున్నాడు.

సుబ్బారాయుడికి ఈ మహోద్యమం వల్ల ఒక చిక్కొచ్చిపడింది. పారిశ్రామికవాడలో స్థలం ఉన్న రబ్బరువాళ్ళంతా రెండేళ్ళలోగా తమ సరుకుకి ఆ శాఖ ఆమోదం తెచ్చుకోవాలి, లేకపోతే స్థలం వెనక్కి తీసేసుకుంటామన్నారు. మొదట్లో అతను నవ్వుకున్నాడు. పీచు వెయ్యడం కనిపెట్టిందే తను, తనకి ఆమోదం రాకపోతే ఇంకెవడికొస్తుంది అనుకున్నాడు. ఆఫీసు చుట్టూ తిరిగితే ఇరవై ఒక్క నెలలు ఇట్టే గడిచాయి. మిగిలినవి మూడు నెలలు. అప్పటికి గాని పానకాలరావు బీరువా తాళం దొరకలేదు.

“కూర్చో,” అన్నాడు పానకాలరావు, కుర్చీ లేదని చూసుకోకుండా. “నీ నమూనా వివరాలు రాసుకోవాలి. సర్వే నంబరెంత?”

“షీటుకి సర్వే నంబరేటండీ బాబూ! రబ్బరు షీటండి అది.”

“ఫారంలో ఉందిగా. లేదని రాస్తే అసంపూర్తి దరఖాస్తు అవుతుంది. పోనీ, నీ ప్లాటు నంబరు చెప్పు, అదే వేస్తా. మెట్టా, పల్లమా?”

సుబ్బారాయుడు వంగి ఫారం కేసి చూశాడు. ఏడో తరగతి చదువైనా అక్షరాలు కూడబలుక్కోగలడు. “ఇది భూముల ఫారంలా ఉందండి, పానకాలరావు గోరూ.”

పానకాలరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మాట తప్పని మనిషికి కోపం వస్తే అలాగే తుడుచుకుంటాడు. “ఏమయ్యా, పీచు రబ్బరుకి ప్రత్యేకంగా ఫారం అచ్చవ్వాలంటే అచ్చు కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే కమిటీ వెయ్యాలి. నీకు మూడు నెలలే ఉంది. నీ మేలు కోరి ఉన్న ఫారం వాడుతున్నా. మెట్టా, పల్లమా?”

“మెట్టేనండి,” అన్నాడు సుబ్బారాయుడు. షీటు పొడిగానే ఉంది కదా అనుకున్నాడు.

పదిరోజులకి పానకాలరావు షెడ్డుకి వచ్చాడు. ఫారంలో సర్వేయరు సంతకానికి ఒక గడి ఉంది గనక ఆదెయ్య అనే సర్వేయరు గొలుసు భుజానేసుకుని వెంట వచ్చాడు. షీటు బల్ల మీద పరిచి ఉంది. మూడడుగుల షీటు, నల్లగా నిగనిగలాడుతోంది. ఆదెయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి గొంతు సవరించుకున్నాడు.

“చెక్కుబందీ చెప్పవయ్యా రాయుడూ, నాలుగు వైపులా హద్దులు. తూరుపున ఏటుంది?”

“బల్లండి.”

“బల్ల కదుల్తాదా?”

“నాలుగు కాళ్ళున్నాయి కదండి, కదుల్తాదండి.”

“కదిలేది హద్దవ్వదు. దాని తరవాత?”

“బెల్టులు అచ్చుపోసే ప్రెస్సండి.”

“అదీ?”

“బోల్టులిప్పితే కదుల్తాదండి, ఆయ్.”

“మరైతే బోల్టుల హద్దు నాకొద్దు. తరవాత?”

“గోడండి.”

“ఎవరి గోడ?”

“నాదేనండి. నా చేతుల్తో కట్టుకున్నానండి.”

ఆదెయ్య పానకాలరావు వంక చూశాడు. పానకాలరావు తల అడ్డంగా ఊపాడు. “నీ ఆస్తికి నీ గోడే హద్దంటే నవ్వుతారయ్యా. అవతలివాడిది చెప్పాలి. అదీ పద్ధతి.”

“అవతల రోడ్డండి.”

“ఆఁ, అలా చెప్పు!” ఆదెయ్య ముఖం విప్పారింది. “తూరుపు, ముప్పై అడుగుల రోడ్డు. రాసుకోండి సార్. పడమర?”

పడమర, చేలకి నీళ్ళు పారే పంట బోదె అయింది. దక్షిణం ఐసు ఫ్యాక్టరీ, ఉత్తరం తవుడు గోడౌను. మూడడుగుల షీటుకి ఈ నాలుగూ హద్దులుగా రాసి, కింద సుబ్బారాయుడి చేత సంతకం పెట్టించారు. నూకరత్నం కత్తిపీట మీదనుంచే, “ఏవయ్యా, మన షీటు ఐసు ఫ్యాక్టరీ దాకా ఎప్పుడు పెరిగిందయ్యా?” అంది.

“ఊరుకోవే నూకా, గవర్నమెంటు లెక్క మనకేం తెలుస్తుంది,” అని కసిరాడు సుబ్బారాయుడు. తరవాతి రోజుల్లో ఆ ఒక్క కసురుకి అతను వెయ్యిసార్లు చెంపలేసుకున్నాడు.

“విస్తీర్ణం?” అని అడిగాడు ఆదెయ్య.

“అది ఆఫీసులో చూసి వేస్తాలే,” అని పానకాలరావు ఆ గడి ఖాళీగా వదిలి, కత్తి తీశాడు. ఫారంలో కొలత ఉత్తరం నుంచి దక్షిణానికి తియ్యాలని ఉంది. కాబట్టి నమూనా పట్టీని కూడా ఉత్తరం నుంచి దక్షిణానికి కొయ్యబోయాడు.

“బాబ్బాబు, అలా కొయ్యకండి!” సుబ్బారాయుడు అడ్డుపడ్డాడు. “మా మిల్లు తూరుపు పడమరల్లో ఉందండి. పీచు వాలు తూరుపు పడమరల్లో పడుకునుందండి. ఇటు కోస్తే దెబ్బతినేత్తాదండి. కాస్త షీటు ఇటు తిప్పండి, అయిపోద్ది.”

“చెక్కుబందీ రాశాక స్థిరాస్తి తిరగదు,” అన్నాడు పానకాలరావు. తిట్టలేదు, విసుక్కోలేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నంత మామూలుగా చెప్పాడు.

అలాగే కోసి, పట్టీ రెండు కొసలూ షెడ్డులో బలం చూసే లాగుడు మిషను దవడలకి తగిలించి, చక్రం తిప్పారు. మూడో చుట్టుకి పట్టీ మధ్యకి తెగి కింద పడింది. పానకాలరావు వంగి చూసి, “పీచు ఉంది, బలం లేదు. తిరస్కరించడమైనది,” అని రాశాడు. తిరస్కరించిన నమూనాని శాఖ తీసుకోదు గనక షీటు అక్కడే వదిలేసి వెళ్ళారు.

సుబ్బారాయుడు ధోవతి మార్చుకుని జాయింట్ డైరెక్టరు ఆనందతీర్థం గారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన పెద్ద చదువులు చదివినవారు. ఏ శాఖలో ఉంటే ఆ శాఖ సంగతి వదిలేసి మిగతావన్నీ చదివారని ఆఫీసులో చెప్పుకునేవారు. బల్ల మీద ఒక పీచుబొమ్మ, గోడకి ఒక పీచు గడియారం. ఆ గడియారం ముళ్ళు కూడా పీచువే, అందుకని టైము కొంచెం వాలిపోయి ఉంది.

“నీ పీచు తూర్పుకు చూస్తుందంటావు,” అన్నారు ఆనందతీర్థం గారు, విని విని. “సరే. ఇందులో మౌలికమైన ప్రశ్న ఒకటి ఉత్పన్నమవుతున్నది. బెల్టు తిరుగుతుందా?”

“తిరక్కపోతే బెల్టెందుకండి.”

“పైభాగం తూర్పుకి పోయినప్పుడు, కింది భాగం?”

“పడమరకి పోతాదండి.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “చూశావా! తూర్పు పీచుగా నమోదు చేయబడిన పీచు సగకాలం పడమరకు ప్రయాణిస్తున్నది. దీన్ని శాఖ ఎలా ఉపేక్షించగలదు? పైసగం ఆమోదయోగ్యమే. కింది సగం విషయమై ప్రభుత్వానికి రాయవలసి ఉంటుంది.”

ప్రభుత్వానికి రాశారు. ప్రభుత్వం దిశా నిర్ణయ సంఘం వేసింది. సంఘంలో ఒక పదవీ విరమణ చేసిన ఓడ కప్తాను, ఒక వాస్తు పండితుడు, ఒక ట్రాఫిక్ అధికారి ఉన్నారు. ముగ్గురూ సుబ్బారాయుడి బెల్టు ఆడుతున్న రైసుమిల్లు ముందు కుర్చీలేసుకుని రెండు గంటలు చూశారు. బెల్టు అటు పోయింది, ఇటు వచ్చింది. కప్తానుకి కళ్ళు తిరిగి సోడా తెప్పించారు. వాస్తు పండితుడు, పడమర పోవడంలో దోషం లేదు గాని తిరిగి రావడమే అరిష్టమన్నాడు. ట్రాఫిక్ అధికారి ఒకవైపు మాత్రమే పోయే బెల్టు చెయ్యమన్నాడు.

“ఒకవైపే పోతే, పోయింది మళ్ళీ రాదు కదండి,” అన్నాడు సుబ్బారాయుడు.

“అది నిర్వహణ సమస్య. దిశ సమస్య మాత్రం తీరుతుంది,” అన్నాడు అధికారి.

చివరికి సంఘం తేల్చింది ఇది: బెల్టు ఎటు తిరిగినా ఆక్షేపణ లేదు, అయితే కింది సగం తిరుగు ప్రయాణంలో ఉన్నట్టు మిల్లు యజమాని ఎర్రరంగుతో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టిన చోటు రెండు సెకన్లలో పైకి వస్తుంది. పైకి వచ్చినప్పుడు దాన్ని తుడిచెయ్యాలి. రైసుమిల్లు యజమాని ఇద్దరు మనుషుల్ని పెట్టాడు, ఒకడు పుయ్యడానికి, ఒకడు తుడవడానికి. సాయంత్రానికి బియ్యం ఎర్రగా వచ్చాయి. మర్నాడే అతను సుబ్బారాయుడికి కబురు పంపాడు: “బావా, నీ బెల్టు బంగారం. కానీ నువ్వు దీని దగ్గరికి రాకు, నీ వెనకాల ఎవడినీ తీసుకురాకు.”

పట్టీ కోత జోలికి మాత్రం సంఘం పోలేదు. ఉత్తరం నుంచి దక్షిణం అన్నది ఉన్నట్టే ఉంది. గడువు ఇరవై రోజులకి వచ్చింది. సుబ్బారాయుడు షెడ్డులో పీచు బస్తా మీద కూలబడ్డాడు.

“షీటు తిప్పనివ్వరు. కత్తి తిప్పనివ్వరు. మిల్లు పీకి తిప్పుదామంటే పునాది గజం లోతుంది. ఎక్కడికి పోతామే నూకా మనం?”

నూకరత్నం కత్తిపీట పక్కకి పెట్టింది. “వాళ్ళు తిప్పొద్దన్నది ఎప్పుడు?”

“చెక్కుబందీ రాశాక.”

“రాయకముందో?”

సుబ్బారాయుడు బస్తా మీదనుంచి లేచాడు.

“తుంగచాప పరిచేటప్పుడు ఏ వైపు తల పెట్టుకోవాలో ముందే చూసుకుంటాం. పడుకున్నాక తిప్పుతావా?” అంది నూకరత్నం. “కొత్త షీటు తియ్యి, వాళ్ళు గుమ్మం తొక్కకముందే వాలు ఉత్తరం దక్షిణం ఉండేటట్టు పరిచెయ్యి. పీచు లోపల ఏ వైపుందో వాళ్ళ అబ్బకి కనపడుద్దా?”

ముప్పై ఏళ్ళ కాపురంలో సుబ్బారాయుడు పెళ్ళానికి దణ్ణం పెట్టడం అదే మొదలు.

కొత్త దరఖాస్తు, కొత్త షీటు, అదే ఫారం. పానకాలరావు వచ్చాడు, ఆదెయ్య వచ్చాడు, ఈసారి ఆనందతీర్థం గారు కూడా కారులో వచ్చారు. మహోద్యమం మొదలై రెండేళ్ళవుతున్నా ఒక్క నమూనా నెగ్గలేదని పైనుంచి చీవాట్లు పడ్డాయట. హద్దులు మళ్ళీ చదివారు. రోడ్డు, బోదె, ఐసు ఫ్యాక్టరీ, తవుడు గోడౌను. విస్తీర్ణం గడి ఈసారీ ఖాళీగానే వదిలారు. సుబ్బారాయుడు ఒక్క మాట అడ్డు చెప్పకుండా సంతకం గీకాడు. అతని కళ్ళు రెండూ కత్తి మీదే ఉన్నాయి.

ఉత్తరం నుంచి దక్షిణానికి కోశారు. దవడలకి తగిలించారు. మూడు చుట్లు అయ్యాయి. ఆరయ్యాయి. పదో చుట్టుకి ఆదెయ్య చక్రం వదిలేసి భుజం పట్టుకున్నాడు. పానకాలరావు ఉంగరం తీసి జేబులో వేసుకుని తను తిప్పాడు. పద్నాలుగో చుట్టుకి మిషను దవడ విరిగి టంగుమని రేకులకి తగిలింది. పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు.

“అద్భుతం!” ఆనందతీర్థం గారు లేచి నిలబడ్డారు. “ఆమోదించడమైనది!”

సుబ్బారాయుడి మెళ్ళో పీచుదండ పడింది. ఫొటో తీశారు. అతను మెడ గోక్కుంటూ నవ్వాడు. నూకరత్నం అందరికీ బెల్లం గవ్వలు పెట్టింది. పానకాలరావు నిజాయితీగా ఒక్కటే తీసుకున్నాడు. సుబ్బారాయుడికి ఆ రోజు అతని మీద ప్రేమ కూడా కలిగింది. ఎవరి పని వాళ్ళు చేస్తారు, మనమే తొందరపడి తిట్టుకుంటాం అనుకున్నాడు.

ఏడోరోజు రిజిస్టరు ఉత్తరం వచ్చింది. సుబ్బారాయుడు గుమ్మంలో నిలబడి కూడబలుక్కుని చదివాడు.

“తమరి నమూనా ప్రథమ ఆమోదిత నమూనాగా ప్రకటించబడినందులకు అభినందనలు. నిబంధనల మేరకు ఆమోదిత నమూనా శాఖ శాశ్వత స్వాధీనమున ఉండవలెను. కావున తూర్పు ముప్పై అడుగుల రోడ్డు, పడమర పంట బోదె, దక్షిణం ఐసు ఫ్యాక్టరీ, ఉత్తరం తవుడు గోడౌను, ఈ నాలుగు హద్దుల మధ్య గల సదరు నమూనాను స్వాధీనపరచుకొనడమైనది. హద్దుల లోపలి చరాస్తులను ఏడు దినములలో తొలగించుకొనవలెను.”

అతను రెండోసారి చదవలేదు. ఆ కాగితం పట్టుకుని నడిచే ఆఫీసుకి పోయాడు, అయిదు మైళ్ళు.

“షీటు తీసుకోండి బాబూ! ఒకటి కాకపోతే పది తీసుకోండి! భూమేం చేసిందండీ?”

“షీటు చరాస్తి,” అన్నాడు పానకాలరావు. “చుట్టచుట్టి చంకలో పెట్టుకోవచ్చు. అలాంటిదాన్ని శాశ్వత స్వాధీనంలో ఎలా పెడతాం? దాన్ని నువ్వు తీసుకుపో. నమూనా ఫారంలో ఏం రాసుందో అదే. నీ సంతకం రెండుసార్లుంది.”

“మరి నేను నెగ్గానన్నారు కదండీ!”

“నెగ్గావు కాబట్టే కదా. ఓడిపోయినవాళ్ళ నమూనా మేం ముట్టుకోం.”

లోపలి గదిలోనుంచి ఆనందతీర్థం గారు కూడా వచ్చి భుజం తట్టారు. “బాధపడకు సుబ్బారాయుడూ. ఇక రాష్ట్రంలో ఎక్కడైనా నువ్వు పీచు బెల్టులు తయారుచెయ్యవచ్చు. ఆమోదిత స్థలంలో తప్ప. అక్కడ తయారుచేస్తే నమూనా చెదిరిపోతుంది.”

“ఎక్కడ చెయ్యాలండి మరి?”

“అది స్థలాల శాఖ చూసుకుంటుంది. కొత్త స్థలానికి దరఖాస్తు పెట్టుకో. ఆమోదిత సరుకున్నవాళ్ళకి ప్రాధాన్యం. జాబితాలో నీ ముందు నాలుగు వందల పైచిలుకే ఉన్నారు.”

నిబంధనలో దోషం ఎక్కడుందో సుబ్బారాయుడికి అంతుబట్టలేదు. ఓడిపోయి ఉంటే గడువు దాటాక స్థలం పోయేది, నెగ్గాడు గనక గడువులోపలే పోయింది. వకీలుని అడిగితే కాగితాలు తిప్పి చూసి, ఇంత కచ్చితంగా రాసిన చెక్కుబందీ తన సర్వీసులో చూళ్ళేదని మెచ్చుకుని పంపించాడు.

ఆరోరోజు ప్రెస్సు బోల్టులిప్పారు. ఏడోరోజు మిల్లు పునాదిలోంచి పెకలించి లారీకెక్కించారు. నూకరత్నం కత్తిపీట గోనెలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని లారీలో ముందు కూర్చుంది. షెడ్డు ఖాళీ అయ్యాక శాఖవాళ్ళు కంచె వేసి బోర్డు పాతారు: ‘రాష్ట్రంలో మొట్టమొదటి ఆమోదిత పీచు రబ్బరు నమూనా. ముట్టుకోరాదు.’ పై ఊళ్ళనుంచి అధికారులు బస్సుల్లో వచ్చి, కంచె బయట నిలబడి, లోపలి మట్టి వంక చూసి, పీచు బాగా కలిసిందని రాసుకుని పోతుంటారు.

ఆదెయ్య వచ్చి గొలుసు లాగి కొలిచాడు. ఖాళీగా వదిలిన విస్తీర్ణం గడిని పానకాలరావు తన గుండ్రటి చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా నింపాడు. సుబ్బారాయుడికి పోయింది పదకొండు సెంట్ల ముప్పై గజాలు.